పాలమూత్రమును, భీమవరపు శాస్త్రజ్ఞుడును

గోదావరి మండలములలో బోదకాలు నెరుగనివారు అరుదు. ఆ వ్యాధిని కలిగించు పురుగు కొందరికి మరియొక బాధను గూడ తెచ్చును. మూత్రపిండముల చుట్టునున్న శోషరస నాళములు చెడగా, ఆహారమందలి కొవ్వును మోయు రసము మూత్రములో కలియును. మూత్రము పాలవలె తెల్లనగును. మాంసకృత్తులు నిత్యము జారిపోయి రోగి కృశించును.

ఈ పురుగు పిల్లలను రక్తమునందే రూపుమాపు మందును లోకమున కిచ్చినవాడు ఈ నేలబిడ్డయే. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను, రాజమహేంద్రవరమున చదివెను. మెట్రిక్యులేషను మూడవసారికి గాని గట్టెక్కలేదు. విద్యార్థు లీ మాట మరువరాదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటపడెను.

1923లో బోస్టను చేరి, హార్వర్డులో ఉష్ణమండల వ్యాధులను గూర్చి చదువుచు, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రులు రోగుల మలమూత్ర పాత్రలు కడిగెను. ఆ చేతులే 1925లో, ఫిస్క్ ఆచార్యునితో కూడి, రక్తమునను మూత్రమునను భాస్వరమును కొలుచు పద్ధతిని సిద్ధపరచినవి.

1940లో లెడర్లీ పరిశోధనాలయమునకు పోయెను. ఫోలిక్ ఆమ్లపు ఖ్యాతి అందరెరిగినదే. 1947లో ఆయన బృందము హెట్రజాన్‌ను, అనగా డైఇథైల్‌కార్బమజీన్‌ను, వెలువరించెను. అయితే ఈ మందు పురుగును అణచునే గాని చెడిన నాళమును అతుకజాలదు. పాలమూత్రరోగి కొవ్వు పదార్థములను తగ్గించుకొనవలెను. కొందరికి శస్త్రచికిత్సయు తప్పదు.

1948 ఆగస్టులో, 53 యేండ్ల వయసున, న్యూయార్కులో సుబ్బారావు గుండె ఆగెను. అమెరికా వెళ్లిన పిదప ఆయన స్వదేశమును మరల చూడలేదు. మందు మాత్రము వచ్చినది. 2004 మొదలు బోదవ్యాధి నిర్మూలనకై మన పల్లెలలో ఇంటింట పంచిన మాత్రలలో అదియే కలదు.