ఒక మాట కోసం ఒక జీవితం: రాఫెల్ లెంకిన్



మా ఆఫీసులో నా పక్క సీటు ఒక బోస్నియా ఇంజనీరు గారిది. ఏటా జూలైలో ఆయన సెలవు పెడితే, ఇక్కడి ఎండలు తప్పించుకోవడానికేమో అనుకునేవాణ్ణి. మొన్న శుక్రవారం సాయంత్రం అల్ వక్రా సూక్ దగ్గర, సముద్రం ఒడ్డున టీ తాగుతూ అసలు సంగతి చెప్పారు. 1995 జూలైలో స్రెబ్రెనిత్సాలో 8,000 మందికి పైగా మగవారినీ, మగపిల్లలనూ చంపేశారు. ఆయన అడవుల వెంట నడిచి బయటపడ్డారు. తండ్రి, అన్నయ్య రాలేదు. ఏటా జూలై 11న, కొత్తగా గుర్తించిన అస్థికలను అక్కడ ఖననం చేస్తారట. ఆయన సెలవు అందుకు!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇలాంటి ఘోరానికి 'జీనోసైడ్' అని పేరు పెట్టినదెవరా అని వెతికితే లెంకిన్ జీవితం కనబడింది.

ఆయన 1900లో, నేటి బెలారస్‌లోని ఒక పల్లెలో, యూదు కుటుంబంలో పుట్టారు. 1921లో బెర్లిన్‌లో తలాత్ పాషాను ఒక ఆర్మేనియన్ యువకుడు కాల్చి చంపాడు. తన వాళ్ళను ఊచకోతలో పోగొట్టుకున్నవాడతను. ఒకరిని చంపితే నేరమైనప్పుడు, జాతినే చంపినవారిని శిక్షించే చట్టం ఎందుకు లేదన్న ప్రశ్న విద్యార్థి లెంకిన్‌ను వదల్లేదు. లాయరయ్యాక 1933లోనే అలాంటి చట్టం కావాలని ప్రతిపాదించారు. ఎవరూ పట్టించుకోలేదు.

1939లో నాజీల దాడితో పోలండ్ వదిలి, స్వీడన్ మీదుగా 1941లో అమెరికా చేరారు. 1944లో గ్రీకు, లాటిన్ పదాలు కలిపి ఆ మాటను సృష్టించారు. యుద్ధం ముగిశాక తెలిసింది, తన బంధువుల్లో 49 మంది బలయ్యారని. బలైనవారిలో తల్లిదండ్రులూ ఉన్నారు.

ఇక్కడ మనకు సంబంధించిన విషయం ఒకటుంది. 1946లో ఐక్యరాజ్యసమితిలో ఈ తీర్మానం తెచ్చిన మూడు దేశాల్లో క్యూబా, పనామాలతో పాటు భారతదేశం ఒకటి. అప్పటికి మనకింకా స్వాతంత్ర్యమే రాలేదు! 1948 డిసెంబర్ 9న ఒప్పందం ఆమోదం పొందింది. మన దేశం దాన్ని 1959 ఆగస్టు 27న ధ్రువీకరించింది. మర్నాడే లెంకిన్ న్యూయార్క్‌లో, పేదరికంలో కన్నుమూశారు.

చట్టం ఉన్నా స్రెబ్రెనిత్సా ఆగలేదు. కానీ 2007లో అంతర్జాతీయ న్యాయస్థానం దాన్ని ఆ పేరుతోనే పిలిచింది. అది తనకెంత ముఖ్యమో ఆ ఇంజనీరు గారు చెబుతుంటే తలొంచుకుని విన్నాను. నాలుగేళ్ళుగా పక్కనే ఉండి ఒక్కసారీ అడగలేదు మరి.

పరాయి దేశంలో మన పక్కన పనిచేసేవారికీ ఒక కథ ఉంటుంది. తీరిక చేసుకుని వినండి.