కృపయు కట్టడయు: జాన్ క్లౌ జీవితము

తెలుగు క్రైస్తవ చరిత్రమున జాన్ ఎవరెట్ క్లౌ పేరు ఒక్క దినముతో ముడివడి యున్నది. 1878 జూలై 3వ తేదీన ఒంగోలునకు ఉత్తరముగా, గుండ్లకమ్మ యొడ్డున, వెల్లంపల్లి యొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య మిషనరీ వాఙ్మయమంతటను వ్యాపించి ఆయన జీవితమును కప్పివైచినది. కొనియాడినవారును ఆక్షేపించినవారును దానినే పట్టుకొనిరి. కాని ఆ దినములకు ముందు పదునైదు నెలలపాటు ఆయన బాప్తిస్మ మిచ్చుటను పూర్తిగ నిలిపివేసెనన్న విషయము ఆ సంఖ్యకంటె ముఖ్యమైనది. అడుగువారు లేక నిలిపినది కాదు, అడుగుచున్నవారిని నిలువరించినది. దైవకృపకు వెల లేదని చెప్పవచ్చినవాడు దాని గుర్తుగ నిచ్చు సంస్కారమును అంతకాలము ఎందులకు బిగపట్టెనో తెలిసికొనుటకు ఆయన జీవితమును మొదటినుండి చూడవలసి యున్నది.

క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున ఫ్ర్యూస్‌బర్గు సమీపమున జన్మించెను. బాల్యముననే కుటుంబము పశ్చిమమునకు తరలినది. యౌవనమున మిన్నెసోటా ప్రాంతమున ప్రభుత్వపు భూమి కొలతల దళములో కొంతకాలము పనిచేసెను. గొలుసు పట్టి నేల కొలిచిన ఆ యనుభవము ఇరువది యేండ్ల తరువాత వేలమంది ప్రాణములకు అక్కరకు వచ్చునని అప్పుడెవ్వరూ ఊహించి యుండరు. అయోవాలో చదువుకొనుచు, మతమునందు ఆసక్తి లేని స్థితినుండి బాప్టిస్టు విశ్వాసమునకు వచ్చెను. 1861లో హారియెట్ సండర్లాండును వివాహమాడెను. 1864 చివర, సెలవు ముగించుకొని తిరిగివచ్చుచున్న లైమన్ జూయెట్ దంపతులతో ఓడనెక్కి, 1865లో నెల్లూరు చేరెను.

ఆనాటికి అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను మూయదగినదిగా ఎంచబడిన మిషను. శామ్యూల్ డే 1836లో ఆరంభించిన యీ పనికి ముప్పదియేండ్లకును చెప్పుకొనదగిన ఫలము లేదు. దానిని విడిచిపెట్టవలెనను ప్రతిపాదన అమెరికాలో ఒకటికంటె ఎక్కువ సారులు వచ్చెను. జూయెట్ పట్టుదలవలననే అది నిలిచినది. క్లౌ 1866 సెప్టెంబరులో ఒంగోలునకు కాపురము మార్చెను.

ఒంగోలు చేరకమునుపే ఆయన జీవితమును మలుపు త్రిప్పిన మనుష్యుడు ఆయనను వెదకికొని వచ్చెను. ఆతడు యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలునకు సుమారు 40 మైళ్ల దూరమున నున్న తాళ్లకొండపాడు వాస్తవ్యుడు, మాదిగ, తోళ్ల వ్యాపారి. గురువుల నాశ్రయించి రాజయోగ సాధన చేసినవాడు. తోళ్ల బేరమునకై ఉత్తరమునకు పోయి, అచ్చట క్రైస్తవబోధ విని, ఆ విన్నదానిని తనలో తాను నెమరువేసికొనుచు తిరిగివచ్చిన జిజ్ఞాసువు. 1866 మార్చిలో ఆతడు బాప్తిస్మము పొందెను. మిషనరీ మాదిగవాడకు పోయి పేరయ్యను కనుగొనలేదు. పేరయ్యయే మిషనరీని కనుగొనెను. మరుసటి జనవరిలో, పేరయ్య సిద్ధపరచిన 28 మందికి తాళ్లకొండపాడులో బాప్తిస్మ మిచ్చునపుడు క్లౌ చేసినది కోతపని మాత్రమే. విత్తు చల్లినవాడు వేరు.

ఇందు భాషాసంబంధమైన విషయమొకటి కలదు. కృప యను మాట మాదిగవాడకు క్రొత్తది కాదు. గురుకృప లేనిదే జ్ఞానము కలుగదన్నది అచల, రాజయోగ సంప్రదాయములలో చేరినవారందరెరిగిన సంగతియే. క్రొత్తగ వినబడినది దానికి ఎదురుగ నిలిచిన మాట. నేటికిని వాడుకలోనున్న తెలుగు బైబిలులో మోషే విధులకు ధర్మశాస్త్రమని పేరు. తెలుగుదేశమున ఆ పేరు వినగానే శ్రోత మనస్సునకు తోచునవి సీనాయి పర్వతమునుండి దిగిన పలకలు గావు. ఊరివెలుపల తన గుడిసె ఎందులకున్నదో చెప్పు గ్రంథములు. ధర్మశాస్త్రమువలన ఎవడును నీతిమంతుడు కాడని పౌలు చేసిన వాదము గ్రీకుభాషలో చెప్పినది. తెలుగున మాదిగలు విన్నపుడు దాని బరువు వేరుగ నుండక తప్పదు. అనువాదకు లీ యర్థము నుద్దేశించి యుండరు. మాట తన త్రోవను తాను వెదకికొన్నది.

ఒంగోలులో క్లౌకు మొదటి పరీక్ష ఈ విషయముననే వచ్చెను. పైకులములవారు కొందరు ఆయన బోధయెడ మొగ్గు చూపుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని వారు స్పష్టము చేసిరి. ఊరిలో పలుకుబడి గలవారిని వదలి, వెలివాడవారిని పట్టుకొనుట వివేకమా యని ఆయన కలతపడెను. భార్యాభర్త లిద్దరును వేర్వేరు గదులలో కూర్చుండి బైబిలు తెరవగా, ఒకరి సంగతి ఒకరెరుగకయే కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగము ఇద్దరికిని తటస్థించెనని ఆయన చెప్పుకొనెను. దేవుడు జ్ఞానులను బలవంతులను గాక, లోకము నీచముగ నెంచినవారిని పిలిచెనన్నది ఆ భాగముయొక్క తాత్పర్యము. దీనిని యాదృచ్ఛికమనువారు అనవచ్చును. నిర్ణయము మాత్రము యాదృచ్ఛికము కాదు. దానివలన కోల్పోవునది యేమో తెలిసియే చేసిన నిర్ణయము.

చేరినవారికి క్లౌ విధించిన కట్టడలు మూడే. ఆదివారమున పని చేయరాదు. చచ్చిన పశువుల మాంసము తినరాదు. విగ్రహములకు మ్రొక్కరాదు. సిద్ధాంతగ్రంథముల జోలి లేదు, దీర్ఘమైన పరీక్షాకాలము లేదు. ఇతర మిషనరీలకు ఈ కట్టడలు చాల తేలికగ కనబడినవి. కాని ఆనాటి పల్లె వ్యవస్థ నెరిగినవారికి ఇంతకంటె కఠినమైన కట్టడలు దొరకవు. మాదిగ ఊరికి వెట్టివాడు. చచ్చిన పశువును అతడు ఈడ్చుకొని పోవలెను; తోలు చెప్పులకును కపిల తిత్తులకును, మాంసము ఆతని కుండకును. కోతలకాలమున కల్లములో కొలుచు గింజలు ఆ చాకిరికి ప్రతిఫలము. గ్రామదేవత కొలుపులకు ఆతడు డప్పు కొట్టవలెను. రైతు పిలిచిన దినమున పనికి పోవలెను. ఆ దినము ఆదివారమా యని అడుగు అలవాటు రైతునకు లేదు. కావున ఈ మూడు కట్టడలును ఊరితో మాదిగకు గల సంబంధమును మూడుచోట్ల తెంపినవి. బావులు మూయబడినవి, గింజలు నిలిచినవి, అబద్ధపు కేసులు పుట్టినవి. దొర ఒంగోలు బంగళాలో నుండగా దెబ్బలు తినినవారు పల్లెలలో నుండిరి. పేదవాని కుండలోని తునుకపై ఆజ్ఞ పెట్టుట కృపాబోధకునకు తగునా యన్న ప్రశ్న న్యాయమైనదే. అయినను ఆ తునుకయే అంటరానితనమునకు ఊరు చూపిన సాకు అని మాదిగ బోధకులే యెరుగుదురు. పేరయ్యయు ఆతని సహచరులును దానిని దొర యాజ్ఞగ గాక తమ గౌరవచిహ్నముగ పాటింపజేసిరి. మొదటి తరము నిలుకడకు కారణ మిదియే యనుట సమంజసము.

ఇచ్చట మరియొక మిషనుతో పోల్చి చూచుట ఉపయుక్తము. క్లౌ ఒంగోలు చేరిన రెండేండ్లకు, 1868లో, నేటి ఛత్తీస్‌గఢ్ మైదానమున ఆస్కార్ లోర్ అను జర్మను మిషనరీ సత్నామీల మధ్య పని ఆరంభించెను. సత్నామీలును వెలివాడవారే, వారిలో ననేకులు చర్మకారులే. గురు ఘాసీదాసు వారికి మద్యమాంసములు, పొగాకు, విగ్రహపూజ విడువవలెనని ముందే విధించి యుండెను. లోర్ భూమి కొని, విశ్రామార్థమున బిస్రాంపూరని పేరిడి, క్రైస్తవులను ఆ గ్రామమున నిలిపెను. దానితో మిషనరీయే వారికి భూస్వామియు నయ్యెను. సంఘశిక్షయు కౌలుశిస్తును ఒకే చేతిలో నుండెను. భర్తను విడిచిన స్త్రీకి గాజులు తొడిగి మరియొకడు ఏలుకొను చూడీ మనువును (మన మారుమనువు వంటిదే) వ్యభిచారముగ నెంచి, అట్టివారిని సంఘమునుండి వెలివేయుట అచ్చట పరిపాటి యయ్యెను. ఆ మైదానముననే 1959లో భిలాయి ఉక్కు కర్మాగారపు కొలిమి వెలిగి, ఉపాధికై తెలుగు కుటుంబములు అచ్చటికి తరలినవి. వారిలో క్రైస్తవులును కలరు. ఒంగోలు సంప్రదాయమునుండి వచ్చినవారికి బిస్రాంపూరు సంప్రదాయము వింతగ తోచుట సహజము. ఏలయన క్లౌ తన క్రైస్తవులకు వేరు గ్రామములు కట్టలేదు. ఎవరి వాడలో వారు, ఎవరి వృత్తిలో వారు ఉండవలెనన్నది ఆయన పద్ధతి. మూడు కట్టడలు పెట్టి, మిగిలిన జీవితమును వారి పెద్దలకే విడిచెను. దయామయుడైన భూస్వామికంటె దూరముననున్న దొర మేలని చెప్పుట సాహసమేమో గాని, చరిత్రమును చూచిన అట్లే తోచుచున్నది.

1876లో ధాత కరువు వచ్చెను. వానలు తప్పినవి, పశువులు పోయినవి, తోలుపనియు కూలియు కలిసి నశించుటచే మాదిగవాడ అందరికంటె ముందు ఆకలిగొన్నది. ప్రభుత్వము కరువుపనిగ బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండెను. క్లౌ అందు మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు తీసికొనెను. మిన్నెసోటాలో నేర్చిన కొలతపని ఇప్పుడు పనికి వచ్చెను. ఆయన బోధకులు మేస్త్రీలైరి. పగలు మట్టి లెక్క చూచి, పనివేళ ముగియగానే కూలీలతో కూర్చుండి మాటలాడిరి. కూలికి క్రైస్తవుడా కాడా యన్న విచారణ లేదు. గడ్డపార పట్టగలవానికి పని, పనికి కూలి.

ఈ కాలముననే ఆయన బాప్తిస్మములు నిలిపివేసెను. కారణము సరళము. కూలియు, తరువాత ధర్మనిధులనుండి వచ్చిన సహాయమును ఆయన చేతి మీదుగ పోవుచుండెను. అట్టి చేయి బాప్తిస్మ మిచ్చిన, అడిగినవాడు గంజికై అడిగెనో దేవునికై అడిగెనో ఆతనికే తెలియకపోవచ్చును. కూటికొరకు మతము పుచ్చుకొన్నారన్న నింద వారిని తరతరములు వెంటాడును. కావున అన్నము నడిగినవానికి అన్నమును, బాప్తిస్మము నడిగినవానికి ఆగుమన్న మాటను ఇచ్చెను. ఇది పైకి కట్టడ. లోన కృపను కాపాడుట. అయితే దీనికిని మూల్యము కలదు. కరువున ప్రాణాలు పోవుచున్న కాలమది. అడిగి, ఆగి, ఆ నిరీక్షణలోనే మరణించినవారు ఉండియుందురు. బాప్తిస్మము రక్షణకు షరతు కాదను బాప్టిస్టు సిద్ధాంతము క్లౌ మనస్సునకు ఊరట నిచ్చియుండవచ్చును; ఆ సిద్ధాంత మెరుగని కుటుంబములకు అంత ఊరట దొరకి యుండదు.

1878 జూన్‌లో సహాయనిధి ముగిసెను. ఇక ఇచ్చుటకు డబ్బు లేదని తెలిసిన తరువాతను జనము వచ్చుట మానలేదు. సహాయము వలదు, బాప్తిస్మమే కావలెనని కూర్చుండిరి. అప్పుడాయనకు నిరాకరించుటకు హేతువు మిగులలేదు. వెల్లంపల్లియొద్ద బోధకులు తమతమ పల్లెలవారిని గుంపులుగ కూర్చుండబెట్టి, ఒక్కొక్కరిని గూర్చి సాక్ష్యమిచ్చి పేర్లు వ్రాయించిరి. జూలై 2న 614, 3న 2,222, 4న 700. మూడుదినములలో 3,536 మంది. నదిలో నిలిచి బాప్తిస్మ మిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు చొప్పున వంతులు మారిరి. ఆ రెండవదినమున క్లౌ నీటిలో దిగలేదు. పేరుపొందిన దినమున ఆయన ఒడ్డుననే యుండెను. ఆయన జీవితచరిత్రములు ఈ వివరమును చెప్పియు చెప్పనట్లు దాటిపోవును. ఆ సంవత్సరాంతమునకు మొత్తము తొమ్మిదివేలు దాటెను.

తొందరపాటన్న విమర్శ తోటి మిషనరీలనుండియే వచ్చెను. ఇందరికి బోధ చేయుట యెట్లన్న వారి భయము నిరాధారము కాదు. పాఠశాలలకును ఉపాధ్యాయులకును కొరత తీరనే లేదు. దానిని తీర్చుటకే ఆయన పలుమారులు అమెరికాకు పోయి ధనమును మనుష్యులను కూర్చెను. 1890 డిసెంబరు 28న ఒంగోలులో ఒకేదినమున 1,671 మంది బాప్తిస్మము పొందినపుడు పాత విమర్శ మరల లేచినది.

1893లో హారియెట్ మరణించెను. 1894లో ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడెను. ఆమె బెర్న్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందిన విదుషి. సాంఘిక సువార్త వాదమునకు ప్రసిద్ధుడైన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె సోదరుడు. మాదిగ వృద్ధులు చెప్పిన కథలను విని 1899లో ఆమె ప్రకటించిన ఆంగ్ల గ్రంథము, పేరయ్య తరమువారి గురుపరంపరలను, సాధనలను భద్రపరచినది. తెలుగు దళితుల మౌఖిక చరిత్రకు దానికి మించిన తొలి యాధారములు అరుదు. మన విశ్వవిద్యాలయములు దానిని మిషను పుస్తకమని ప్రక్కన పెట్టుట విచారకరము.

1901లో తొడయెముక విరిగిన తరువాత క్లౌ మునుపటివలె తిరుగలేకపోయెను. కొలది యేండ్లకు దేశము విడిచి, 1910 నవంబరు 24న రోచెస్టరులో మరణించెను. ఒంగోలులో ఆయన పేర క్లౌపేట నిలిచినది. ఆయన చెప్పగా ఎమ్మా కూర్చిన ఆత్మకథ మరి నాలుగేండ్లకు, 1914లో, వెలువడెను. అందు ఆయన తన పద్ధతులను గూర్చియు, మాదిగ పెద్దలను గూర్చియు చెప్పెను.