తొట్టి ఒంపిన డాక్టరు

ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం. దోమకు కూడా ఒక దినమా అని తరగతిలో పిల్లలు నవ్వుతారు. ఆ దినం దోమను గౌరవించడానికి కాదు. 1897లో అదే తేదీన సికింద్రాబాద్‌లో ఒక డాక్టరు దోమ కడుపులో మలేరియా జాడ కనిపెట్టారు. ఆయనే సర్ రోనాల్డ్ రాస్. పాఠ్యపుస్తకంలో ఆయన కథ ఒక్క వాక్యంతో అయిపోతుంది. మలేరియాను దోమ మోస్తుందని కనుగొన్నవాడు, నోబెల్ బహుమతి గ్రహీత, అంతే. ఆ వాక్యానికి ముందు బెంగళూరులో ఒక నీళ్ల తొట్టి ఉంది. తర్వాత ముప్పై ఏళ్లకు పైబడిన పోరు ఉంది. వానాకాలం రాగానే హాజరు పట్టీలో జ్వరం సెలవులు పెరిగే చెన్నై బడులకు ఆ తొట్టి కథే ఎక్కువ అవసరం.

కవి కావాలనుకున్న కుర్రాడు

రాస్ మన దేశంలోనే పుట్టారు. హిమాలయాల ఒడిలోని అల్మోరాలో, 1857 మే 13న. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులు. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. పది మంది పిల్లల్లో రాస్ పెద్దవాడు. ఎనిమిదేళ్ల వయసులో చదువు కోసం ఇంగ్లండుకు పంపారు. అక్కడ బంధువుల ఇంట్లో పెరిగారు.

ఆ పిల్లవాడికి కవిత్వం ఇష్టం, సంగీతం ఇష్టం, లెక్కలు ఇష్టం. వైద్యం మాత్రం ఇష్టం లేదు. తండ్రి పట్టుబట్టి 1874లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రి వైద్య కళాశాలలో చేర్పించారు. మనసు పెట్టి చదవలేదు. ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరడానికి కావలసిన వైద్య అర్హత పరీక్షల్లో ఒకదానిలో మొదటిసారి నెగ్గలేదు. కొంతకాలం ఓడలో వైద్యుడిగా పనిచేసి, రెండోసారి రాసి నెగ్గి, 1881లో మద్రాసు ప్రెసిడెన్సీ సర్వీసులో చేరారు. అంటే ఆయన ఉద్యోగ జీవితం మొదలైంది మన మద్రాసు కొలువులోనే. అప్పటికి ఆయన గొప్ప శాస్త్రవేత్త అవుతారని ఎవరూ అనుకోలేదు, ఆయన కూడా అనుకోలేదు.

బెంగళూరు తొట్టి

1883లో ఆయన్ను బెంగళూరు దండులో డాక్టరుగా వేశారు. ఉండటానికి బంగళా ఇచ్చారు. బంగళా బాగుంది గానీ దోమలు నిలవనివ్వలేదు. అదీ తన గదిలోనే ఎక్కువగా ఉన్నాయని గమనించారు. కారణం వెతికితే కిటికీ బయట ఒక నీళ్ల తొట్టి కనిపించింది. తొంగి చూస్తే నీళ్లలో మెలికలు తిరిగే సన్నటి పురుగులు. అవి దోమ పిల్లలని తెలిసి తొట్టి ఒంపేశారు. గదిలో దోమలు బాగా తగ్గాయి.

వెంటనే ఆయన దండు అధికారి ఒకరి దగ్గరికి వెళ్లి, మిగతా తొట్లూ పూలకుండీల కింది నీళ్లూ కూడా ఒంపిద్దామన్నారు. అధికారి ఒప్పుకోలేదు. ప్రకృతిలో దోమను ఏదో ప్రయోజనం కోసమే సృష్టించి ఉంటారు, మనం ఓర్చుకోవాలి అన్నది ఆయన వాదన. కుర్ర డాక్టరు చేసేది లేక తిరిగి వచ్చారు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. దోమ జ్వరం తెస్తుందని అప్పటికి రాస్‌కు తెలియదు. దోమ చేసే హాని కంటే ముందు దోమ పుట్టే చోటు ఆయనకు తెలిసింది. మందు లేకుండా, యంత్రం లేకుండా, రెండు చేతులతో దోమలను తగ్గించవచ్చని ఆయన నేర్చుకున్న తొలి పాఠం అదే.

చెడుగాలి కాదు

ఆ రోజుల్లో మలేరియా ఎలా వస్తుందో లోకానికి తెలియదు. ఆ పేరుకు ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం. మన వాళ్లు చలిజ్వరం అనేవారు, ఏజెన్సీ కొండల్లో అయితే మన్యపు జ్వరం అనేవారు. బురదనేలల మీద నుంచి వచ్చే ఆవిరే జ్వరానికి కారణమని అన్ని దేశాల్లోనూ నమ్మేవారు. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూశారు. అది ఒకరి ఒంట్లో నుంచి మరొకరి ఒంట్లోకి ఎలా చేరుతుందన్నది మాత్రం తేలలేదు.

1894లో రాస్ సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఆ జీవిని సూక్ష్మదర్శినిలో చూపించి, దీన్ని మోసేది దోమే కావచ్చన్నారు. అయితే దోమ నీళ్లలో పడి చచ్చిపోతుందని, ఆ నీళ్లు తాగిన మనిషికి జ్వరం వస్తుందని మాన్సన్ ఊహ. సగం నిజం, సగం పొరపాటు. ఆ సగం నిజాన్ని పట్టుకుని రాస్ 1895లో సికింద్రాబాద్ చేరారు.

రెండేళ్లు తప్పు దోమ

ఆ తర్వాత రెండేళ్లు ఆయన కోసిన దోమలకు లెక్క లేదు. ఒక్కొక్క దోమను గాజు పలక మీద పెట్టి, సూదితో విడదీసి, కడుపంతా వెతకాలి. ఏమీ దొరకలేదు. కారణం ఇప్పుడు మనకు తెలుసు. ఆయన కోస్తున్నవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. నేటి పేర్లలో క్యూలెక్స్, ఏడిస్. మలేరియాను మోసేది ఆ రెండూ కావు. మధ్యలో కలరా పని మీద బెంగళూరుకు మార్చారు. 1897లో నీలగిరి కొండల దిగువన సిగూరు ఘాట్‌కు వెళితే ఆయనకే మలేరియా పట్టుకుంది. అక్కడే గోడ మీద రెక్కల నిండా మచ్చలున్న, తోక పైకెత్తి వాలే ఒక కొత్త దోమను చూశారు.

అదే ఏడాది జూన్‌లో మళ్లీ సికింద్రాబాద్. ఆగస్టు నడిమిలో ఆయన మనుషుల్లో ఒకరు సీసాలో దోమ పిల్లలు పట్టుకొచ్చారు. అవి పెరిగి మచ్చల రెక్కల దోమలయ్యాయి. అవే అనాఫిలస్. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమతెరలో పడుకుని వాటి చేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నారు. రక్తం తాగిన ఒక్కో దోమకు ఒక అణా కూలి.

ఆ రోజుల ఉక్క ఊహించండి. పంకా వేస్తే కోసిన దోమ ఎగిరిపోతుంది కాబట్టి పంకా లేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. దాని అద్దం పగిలింది. చిన్న ఈగలు కళ్ల మీద, చెవుల మీద వాలేవి. కోయగా కోయగా చివరికి రెండు మూడు దోమలే మిగిలాయి. ఆగస్టు 20న కోసిన దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులు. రోగి రక్తంలోని మలేరియా జీవిలో ఉండే రేణువులే అవి. మర్నాడు మరో దోమను కోస్తే ఆ కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. అంటే పరాన్నజీవి దోమలో బతికే ఉంది, పెరుగుతోంది. ఆ రాత్రి కవి మేలుకున్నాడు. భార్యకు ఒక కవిత రాసి పంపారు.

సగం పని మిగిలి ఉండగానే మలేరియా అంతగా లేని రాజపుతానాకు బదిలీ వచ్చింది. 1898లో కలకత్తా చేరేసరికి ప్లేగు భయంతో జనం డాక్టర్లను చూస్తేనే జంకేవారు. మలేరియా రోగులు దొరకలేదు. అందుకని పిట్టలకు వచ్చే మలేరియాను పట్టుకున్నారు. దోమ కడుపులో పెరిగిన జీవి దాని లాలాజల గ్రంథుల్లోకి చేరి, కాటుతో మరో పిట్టకు సోకుతుందని ఆ జులైలో రుజువు చేశారు. తాగే నీళ్లు కాదు, కాటే దారి. అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం మనుషుల మలేరియాలో దీన్ని నిరూపించింది. ఘనత ఎవరిదన్న తగువు రాస్‌కూ గ్రాసీకీ మధ్య చాలా ఏళ్లు సాగింది. ఆ తగువులో రాస్ మాటలు దురుసుగా ఉండేవి. గొప్పవాళ్లకూ అటువంటి లోపాలు ఉంటాయి. 1902లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి రాస్‌కు వచ్చింది. ఒక్కో అణా తీసుకున్న హుసేన్ ఖాన్‌ను మనమైనా గుర్తుంచుకోవాలి.

మళ్లీ తొట్టి దగ్గరికి

1899లో ఉద్యోగం వదిలి రాస్ ఇంగ్లండు వెళ్లి లివర్‌పూల్‌లో పాఠాలు చెప్పారు. కనుగొన్నది కాగితంలో ఉండిపోతే ఏం లాభం అన్నది ఇక ఆయన బాధ. పడమటి ఆఫ్రికాలోని ఫ్రీటౌన్‌లో కూలీలను పెట్టి ఇళ్ల చుట్టూ పడి ఉన్న డబ్బాలు, పగిలిన సీసాలు బండ్లకొద్దీ ఎత్తించారు, గుంతలు పూడ్పించారు. 1902లో సూయజ్ కాలువ ఒడ్డున ఉన్న ఇస్మాయిలియాకు పిలిపించారు. అక్కడ ఏటా సుమారు రెండు వేల జ్వరం కేసులు ఉండేవి. నిల్వ నీళ్లు తీసేశాక 1903లో అవి రెండు వందల పైచిలుకుకు దిగాయి. తర్వాతి ఏళ్లలో ఇంకా తగ్గాయి. 1907 చివర మారిషస్ వెళ్లారు. చెరకు తోటల్లో పని చేయడానికి మన తెలుగువాళ్లు కూడా ఓడలెక్కి వెళ్లిన దీవి అది. అక్కడ పిల్లల పొట్టలు తడిమి ప్లీహం ఎంత వాచిందో చూసి, ఏ తోటలో మలేరియా ఎంత ఉందో లెక్క కట్టారు.

ఓటమి కూడా ఎదురైంది. లాహోరు దగ్గర మియాన్ మీర్ దండులో ఏళ్ల తరబడి నీటి గుంతలు శుభ్రం చేసినా జ్వరాలు తగ్గలేదని ప్రభుత్వ వైద్యులు తేల్చారు. దోమల మీద యుద్ధం దండగ అన్నారు. రాస్ ఒప్పుకోలేదు. చిన్న ముక్క నేలను శుభ్రం చేస్తే చుట్టుపక్కల నుంచి దోమలు వచ్చి నింపేస్తాయని ఆయన జవాబు. దాన్ని లెక్కలతో చూపించారు. చిన్నప్పటి లెక్కల ఇష్టం అప్పుడు అక్కరకు వచ్చింది. ఆ లెక్కల్లోనే మరో మాట తేలింది. ఆఖరి దోమ వరకు చంపనక్కర్లేదు. దోమలను ఒక హద్దు కంటే దిగువకు తగ్గించగలిగితే మలేరియా తనంతట తానే ఆరిపోతుంది. 1910లో అచ్చయిన ఆయన పెద్ద పుస్తకంలో ఈ వాదన ఉంది.

ముసలితనంలో ఆరోగ్యం చెడింది. డబ్బు ఇబ్బందులూ ఉన్నాయి. 1928లో తన కాగితాలన్నీ అమ్మేశారు. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో, తన పేరుతో వెలసిన వైద్య సంస్థలోనే కన్నుమూశారు. సికింద్రాబాద్‌లో ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో నేటికీ ఆయన పేరుతో ఉంది. హైదరాబాద్ వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి.

తుంపరతో తీరుతుందా

ఇప్పుడు చెన్నైకి వద్దాం. సాయంత్రం వీధిలో పొగబండి వస్తే పిల్లలు వెంట పరుగెత్తుతారు. అలా పరుగెత్తకూడదు. ఆ పొగలో ఉండేది పురుగుమందు. స్తోమత ఉన్న ఇళ్లకూ హోటళ్లకూ ఇంకొక యంత్రం దొరుకుతోంది. కాంపౌండు గోడ వెంట సన్నటి గొట్టాలు, గొట్టానికి అక్కడక్కడా చిన్న రంధ్రాలు, ఒక డ్రమ్ములో మందు. టైమరు పెట్టిన వేళకు మంచులాంటి తుంపర లేస్తుంది. అందులో వాడేది ఎక్కువగా చామంతి జాతి పూల నుంచి తీసే పైరెత్రం, లేదా దాని పోలికతో తయారుచేసిన మందు.

తుంపర మందు పనికిరానిదని కాదు. రాస్ పోయిన కొన్నేళ్లకు, 1930ల చివర్లో, తమిళనాడులోనే పట్టుకోట్టై ప్రాంతపు పల్లెల్లో పాల్ రస్సెల్ బృందం ఇళ్ల లోపల పైరెత్రం చల్లించి మలేరియాను తగ్గించింది. జ్వరాలు ముమ్మరమైనప్పుడు అది అవసరమే. కాని తుంపర గాలిలో ఉన్నంతసేపు దానికి తగిలిన దోమలే చస్తాయి. నీళ్లలోని పురుగులకు ఏమీ కాదు. ఈ ఎండలకు గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. చచ్చినవాటి చోటికి కొత్తవి వస్తాయి. పక్కింటి నుంచీ వస్తాయి, మియాన్ మీర్‌లో వచ్చినట్టే. పైగా తుంపరకు తేనెటీగ, సీతాకోకచిలుక అన్న తేడా తెలియదు. అదే మందు మళ్లీ మళ్లీ కొడితే దోమ దానికి అలవాటు పడుతుంది.

మన ఊళ్లో మూడు రకాల దోమలు మూడు చోట్ల పుడతాయి. మలేరియా దోమ మేడ మీది ట్యాంకులో, మూతలేని బావిలో. డెంగీ దోమ పూలకుండీ కింది పళ్లెంలో, పాత టైరులో, కొబ్బరి చిప్పలో, ఫ్రిజ్ వెనక ట్రేలో. రాత్రంతా చెవి దగ్గర మోగే క్యూలెక్స్ మురికి కాలువలో, కూవంలో, బకింగ్‌హాం కాలువలో. కూవం సంగతి కార్పొరేషన్ చూడాలి, అడగడం మన హక్కు. మిగిలిన రెండూ మన ఇంటి గడప లోపలివే. రాస్ రెండేళ్లు కోసి పక్కన పడేసిన చారల దోమే నేడు మన పిల్లలకు డెంగీ తెస్తోంది. అది పగలు కుడుతుంది. అంటే బడి వేళలో.

ఈ శనివారం ప్రతి పిల్లా, పిల్లవాడూ ఇల్లంతా తిరిగి నీళ్లు నిలిచిన చోట్లు నోటు పుస్తకంలో రాయండి. ట్యాంకు పైకి మీరు ఎక్కవద్దు, మూత సరిగ్గా ఉందో లేదో పెద్దవాళ్లను చూడమనండి. కుండీ పళ్లెం ఒంపాక అంచులు పీచుతో తోమండి. డెంగీ దోమ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. ఒంపడానికి వీలు లేని బావిలో దోమ పిల్లలను తినే గంబూసియా చేపలు వేయించవచ్చు. మీ ఇల్లు అయ్యాక పక్కింటి అత్తకు చెప్పండి, ఎదురింటి మామకు చెప్పండి. వాళ్లు బెంగళూరు అధికారిలా ఓర్చుకుందాం అంటే, ఈ డాక్టరు కథ చెప్పండి. వారం తిరిగేసరికి మళ్లీ ఒకసారి చూడండి. మళ్లీ నీళ్లు ఉంటాయి. మళ్లీ ఒంపండి.