దాది నడిగిన ప్రశ్న

ధ్యాన భాగము: 2 కొరింథీయులకు 12:1–10

పార్శ్వపు నొప్పిని ఎరుగని గ్రామము లేదు. ఒంటికణత నొప్పియనియు దానిని పిలుతురు. అయితే కొందరికి నొప్పి రాకముందే కన్నుల యెదుట ఒక మెరుపు చుక్క పుట్టి, అది కోటగోడ అంచువలె వంకరటింకర గీతలై, మిలమిలలాడుచు ఒక ప్రక్కకు సాగిపోవునని అందరికి తెలియదు. ఆ మెరుపు వెనుక కొంతమేర చూపు ఆనదు. ఎదుటివాని ముఖములో సగము కనబడకపోవచ్చును. కొందరికి మాట తడబడును. కొందరికి కారణము లేని భయమో, చెప్పలేని ఆనందమో కలుగును. ఇట్టివారిని చూచి దయ్యము పట్టినదని తొందరపడి పలుకువారు మన మధ్యను లేకపోలేదు. అందుచేత ఈ మాసము 900 సంవత్సరముల క్రిందట జర్మనీ దేశమున జీవించిన హిల్డెగార్డు అను స్త్రీ చరిత్రను మీ యెదుట ఉంచుచున్నాము.

ఆమె 1098లో రైను నదీ ప్రాంతమున ఒక గొప్ప కుటుంబములో జన్మించెను. ఆమె పదియవ సంతానమనియు, పంటలో దశమభాగము నిచ్చినట్లు తలిదండ్రులు ఆమెను దేవునికి ప్రతిష్ఠించిరనియు చెప్పుదురు. పుట్టినది మొదలు ఆమెకు వ్యాధులే. మూడేండ్ల ప్రాయమున తన ఆత్మ వణకునంతటి గొప్ప వెలుగును చూచితినని ఆమె తరువాత వ్రాసికొనెను. చిన్నబిడ్డ గనుక అందరికిని అట్లే కనబడునని తలంచి, తాను చూచినవాటిని దాపరికము లేక చెప్పుచుండెడిది. వినువారు ఆశ్చర్యపడుచుండిరి. ఒకనాడు ఆమె తన దాది యొద్దకు పోయి, కన్నుల యెదుటనున్న వస్తువులు గాక మరి ఏమైనను నీకు కనబడుచున్నవా అని అడిగెను. ఏమియు కనబడుటలేదని దాది చెప్పెను. అంతట ఆ చిన్నది మిక్కిలి భయపడి, ఆ సంగతులను దాచిపెట్టుట నేర్చుకొనెను.

ఈ సంగతి యొద్ద మేము చాల సేపు నిలిచిపోయితిమి. దాది గద్దింపలేదు, కొట్టలేదు, ఉన్నమాటయే చెప్పెను. అయినను ఆ ఒక్క జవాబుతో బిడ్డ నోరు మూతపడెను. బిడ్డ ఎందుకు ఆలాగు అడిగెనో ఆమె తిరిగి అడిగియుండిన యెడల ఎంత బాగుండెడిది!

హిల్డెగార్డు 1112లో డిసిబోడెన్‌బర్గు అను మఠమున చేరి, యూట్టా అను భక్తురాలి యొద్ద కీర్తనల గ్రంథము చదువ నేర్చెను. మఠ జీవితము మన సంఘముల మార్గము కాదు. లూథరు పుట్టుటకు దాదాపు 400 ఏండ్ల ముందటి కాలమది. తన రహస్యమును ఆమె యూట్టాతో చెప్పుకొనెను. యూట్టా దానిని వోల్మారు అను సన్యాసికి తెలియజేసెను. 1136లో యూట్టా మృతినొందగా సహోదరీలు హిల్డెగార్డును తమకు పెద్దగా ఎన్నుకొనిరి.

1141లో, ఆమెకు నలువది రెండేండ్ల వయస్సున, ఆకాశమునుండి అగ్నివంటి వెలుగు దిగి, సూర్యుని వేడిమివలె కాల్చక వెచ్చజేయుచు తన తలలోను రొమ్ములోను నిండెననియు, లేఖనముల భావము తనకు తేటపడెననియు ఆమె తెలియజేసెను. చూచినదానిని వ్రాయవలెనని ఆజ్ఞ కలిగెను. లోకులు ఏమందురో అను జంకుచేత ఆమె వ్రాయక, మంచమెక్కెను. తుదకు కలము పట్టగా బలము వచ్చెను. లాటిను వ్యాకరణము ఆమెకు సరిగా రాదు. వోల్మారు ప్రక్కన కూర్చుండి తప్పులు దిద్దెను. ‘స్కీవియాస్’ అను ఆ మొదటి గ్రంథమునకు పది సంవత్సరములు పట్టెను. అతడు 1173లో చనిపోవు వరకు ఆమె చెప్పినది వినుటయు వ్రాయుటయు మానలేదు. చరిత్రకారులు అతని గూర్చి కొద్దిగానే చెప్పుదురు గాని, మా యెంచికలో అతని పరిచర్య చిన్నది కాదు.

ఆమె సాధుస్వభావురాలని మాత్రము ఎవరును తలంపవద్దు. తన సహోదరీలతో బింగెను నొద్దనున్న రూపెర్ట్స్‌బర్గునకు వెళ్లిపోవుదునని అడుగగా మఠాధిపతి ఒప్పుకొనలేదు. ఆమె కదలలేని బండవలె మంచమున పడియుండెను. అతడు స్వయముగా వచ్చి ఆమె తల నెత్తబోయి, ఎత్తలేక సెలవిచ్చెనట! అది వ్యాధియో పట్టుదలయో మేము తీర్పు తీర్చము. 1150 ప్రాంతమున ఆమె అక్కడికి చేరెను. పాటలు కట్టెను, మూలికల గూర్చి వ్రాసెను, ముసలితనమందు సహితము ఊరూర తిరిగి గురువులను గద్దించుచు ప్రసంగించెను.

1917లో చార్లెస్ సింగరు అను ఆంగ్లేయుడు ఆమె గ్రంథములోని చిత్రములను పరిశీలించి, ఆ మెరయు చుక్కలు, సముద్రమున పడి నల్లబడు నక్షత్రములు, వలయములుగా నున్న వెలుగులు పార్శ్వపు నొప్పి గలవారికి కనబడునట్టివే అని వ్రాసెను. ఈ వ్యాధిలో మెదడు వెనుక భాగమున, చూపునకు సంబంధించిన పొరపైన, ఒక అల నిమిషమునకు సుమారు 3 మిల్లీమీటరుల చొప్పున ప్రాకునని నేడు వైద్యులు ఎరుగుదురు. అల అంచున మెరుపు. అది దాటిన చోట కొంతసేపు అంధకారము. సాధారణముగా గంటలోపల ఇదంతయు సర్దుకొనును. అయినను 800 ఏండ్ల క్రిందట మరణించిన స్త్రీకి నాడి పట్టి చూచువారెవరు? ఆ చిత్రములను ఆమెయే గీసెనని కూడ రుజువు లేదు. ఆ పాత ప్రతి 1945లో యుద్ధకాలపు అల్లకల్లోలములో కనబడకపోయెను. అంతకు ముందు సహోదరీలు చేతితో తీసికొనిన నకలు మాత్రము మిగిలియున్నది.

వ్యాధి పేరు తెలిసినంత మాత్రమున దర్శనము కొట్టివేయబడునా? మేము అట్లు తలంచుటలేదు. వేలమంది ఆ మెరుపును చూచుదురు. దాని నుండి అట్టి గ్రంథమును వ్రాసినది ఆమె. పౌలు ముల్లు ఏమిటో మనకు చెప్పబడలేదు, అయినను అతని పత్రికలు మన చేతిలో నున్నవి. అట్లని మందు మానుట భక్తి కాదు. హిజ్కియా పుండునకు అంజూరపు ముద్ద వేయించినవాడు యెషయా ప్రవక్తయే. మీ యింట బిడ్డ యెవరైనను ఇట్టి సంగతి చెప్పిన యెడల, చీకటి గదిలో పరుండబెట్టి, అడిగి తెలిసికొని, వైద్యునికి చూపించుడి. మొట్టమొదటిసారి చూపు పోయినను, చేయి కాలు పట్టు తప్పినను, మాట పడిపోయినను ఆలస్యము చేయకుడి.

హిల్డెగార్డు పేరిట నిలిచిన వైద్యగ్రంథములో ఈ నొప్పి ప్రస్తావన కలదు. అది సగము తలనే పట్టుటకు కారణమేమనగా, తల అంతటిని ఒక్కసారి పట్టిన యెడల మనుష్యుడు ఓర్వలేడని అందులో చెప్పబడినది. ఓర్చుకొనినవారే ఆ మాట వ్రాయగలరని మాకు తోచుచున్నది.

1175లో గిబెర్టు అను సన్యాసి ఆమె చూపును గూర్చి ఉత్తరము వ్రాసి అడిగెను. అప్పటికి ఆమెకు డెబ్బది ఏడేండ్లు; మంచమును విడువని వ్యాధులు. ఆమె దాచక జవాబిచ్చెను. నిద్రలో గాని పరవశమందు గాని కాదు, కన్నులు తెరచి మెలకువగా నుండియే చూచుచున్నాననియు, ఆ వెలుగునకు స్థలమును కొలతయు లేవనియు తెలిపెను. అప్పుడప్పుడు దానిలో మరియొక వెలుగు కనబడుననియు, ఆ సమయమందు దుఃఖమును నొప్పియు తొలగిపోయి, తాను ముసలిదాని వలె గాక చిన్న బాలికవలె నుందుననియు వ్రాసెను. నాలుగేండ్లకు, 1179 సెప్టెంబరు 17వ తేదీన ఆమె కన్నుమూసెను.