సురవరము ప్రతాపరెడ్డి

కృష్ణా తుంగభద్రా నదుల నడుమనున్న సీమను నడిగడ్డ యందురు. ఆ సీమలో తుంగభద్ర యొడ్డున అలంపురమను ప్రాచీన నగరము కలదు. ఏడు, ఎనిమిది శతాబ్దములలో బాదామి చాళుక్యులు అచ్చట నవబ్రహ్మాలయములను నిర్మించిరి. తరువాత ఆ సీమ నేలిన రాజులు పలువురు అచ్చట శాసనములను చెక్కించిరి. ఇట్లు ఆ నగరమున ఒక కాలపు గురుతుపై మరియొక కాలపు గురుతు పొరలు పొరలుగా నిలిచియున్నది.

శాసనములలో సాధారణముగా రాజుల పేర్లు, విజయములు, దానములు కానవచ్చును. కాని ఆ గుడులకు రాళ్ళు మోసిన కూలీలు, ఆ మాన్యములను దున్నిన రైతులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి అను సంగతులు వానిలో మిక్కిలి తక్కువ. చరిత్రలో మరుగుపడిన ఈ పొరను వెలికిదీయుటకు పాటుపడిన మహనీయులు సురవరము ప్రతాపరెడ్డిగారు.

వారు 1896వ సంవత్సరము మే 28వ తేదీన, అలంపురమునకు అనతిదూరముననున్న బోరవెల్లి గ్రామమున జన్మించిరి. అది నాడు గద్వాల సంస్థానములోనిది. తల్లి రంగమ్మ, తండ్రి నారాయణరెడ్డి. తుంగభద్రకు ఈవల నిజాము రాజ్యము, ఆవల ఆంగ్లేయుల యేలుబడి. బాలుడైన ప్రతాపరెడ్డి చదువుకొరకు నది దాటి కర్నూలు చేరెను. అచ్చట వెల్లాల శంకరశాస్త్రిగారి యొద్ద సంస్కృతము నభ్యసించెను. పిమ్మట హైదరాబాదులోని నిజాము కళాశాలలోను, మద్రాసులోను చదివి పట్టభద్రుడయ్యెను. న్యాయశాస్త్రమునందును పట్టము పొందెను.

ఆ కాలమున నిజాము రాజ్యములో పాలనయు, ఉన్నత విద్యయు ఉర్దూలో సాగుచుండెను. తెలుగువారు లక్షలకొలది యున్నను వారి భాషకు ఆదరణ లేకుండెను. తమ భాషను మరచిన జాతి తన చరిత్రను గూడ మరచునని ప్రతాపరెడ్డిగారు గ్రహించిరి. 1926వ సంవత్సరము మే నెలలో హైదరాబాదునుండి గోలకొండ పత్రికను ప్రారంభించిరి. ప్రభుత్వపు టాంక్షలకు వెరవక ఆ పత్రికను నడిపి, ప్రజలలో మేలుకొలుపు కలిగించిరి. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్రమహాసభకు వారే అధ్యక్షత వహించిరి.

నిజాము రాజ్యమున తెలుగు కవులే లేరను నింద యొకటి ఆ దినములలో బయలుదేరెను. ప్రతాపరెడ్డిగారు కోపోక్తులతో తృప్తి చెందలేదు. ఊరూరనున్న కవుల రచనలను సేకరించిరి. 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఆ నిందకు అంతకు మించిన సమాధానము లేదు.

వారి కృషికి మకుటాయమానమైనది 1949లో ప్రకటితమైన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. ఈ గ్రంథరచనకై వారు శాసనములతోపాటు కావ్యములను, సామెతలను, విదేశీయుల వ్రాతలను పరిశోధించిరి. ఓరుగల్లులోని పూటకూళ్ళ యింట ఒక రూకకు లభించిన భోజనము నెరుగవలెనన్న క్రీడాభిరామమును చదివిరి. పల్లెవాసుల వృత్తులను, వస్తువులను తెలిసికొనుటకు హంసవింశతి, శుకసప్తతి కథలను పరిశీలించిరి. పండితులు కథకొరకును, వర్ణనకొరకును చదివిన పద్యములలో వారు ప్రజల బ్రతుకును చూచిరి. పిల్లల యాటల పేర్లకు నిఘంటువులు ఒక క్రీడావిశేషమని మాత్రమే అర్థము చెప్పి యూరకుండుట వారిని బాధించెను. ఆ యాట నాడువారు లేనినాడు దాని యర్థము కూడ నశించును గదా!

1952లో వనపర్తి ప్రజలు వారిని హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నుకొనిరి. కాని మరుసటి సంవత్సరమే, 1953 ఆగస్టు 25వ తేదీన, వారు పరమపదించిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమి తెలుగు గ్రంథమునకు ప్రప్రథమముగా నొసగిన పురస్కారము ఆంధ్రుల సాంఘిక చరిత్రకు లభించెను. ఆ గౌరవమును చూచుటకు గ్రంథకర్త లేకపోయిరి.

కోటలు, గుడులు గల ఊళ్ళకే చరిత్ర గలదని తలచుట పొరపాటు. అవ్వ పాడు దంపుడు పాట, తాత యెరిగిన పాత కొలమానము, వాడుక తప్పుచున్న పనిముట్టు పేరు కూడ చారిత్రక చిహ్నములే. శిలాశాసనము శతాబ్దములపాటు నిలువగలదు. ఇవి మాత్రము ఎరిగినవారితోనే అంతరించును. కావున వానిని పెద్దలనడిగి వ్రాసియుంచుట ప్రతాపరెడ్డిగారి మార్గమున నడచుటయే యగును.