డాక్టరు ఐడా స్కడ్డరుగారి చరిత్రము

రోగికి వైద్యము చేయుట యొక పుణ్యకార్యము. వైద్యము చేయగలవారిని దయారు చేయుట అంతకంటె గొప్ప కార్యము. ఈ రెండింటికిని తన జీవితమును ధారపోసిన డాక్టరు ఐడా సోఫియా స్కడ్డరుగారి చరిత్రమును మా తోడి విద్యార్థులకు సంగ్రహముగా దెలుపదలచితిమి.

ఈమె 1870 వ సంవత్సరము డిసెంబరు 9 వ తేదీన ఉత్తర ఆర్కాటు మండలములోని రాణిపేటలో జన్మించెను. తాతయగు జాన్ స్కడ్డరుగారు 1819 లో అమెరికానుండి సింహళమునకు బయలుదేఱిన వైద్య మిషనరీ. తండ్రియు వైద్యుడే. అయినను ఈమెకు ఆ వృత్తియందు మొదట నిచ్ఛ లేకుండెను. అమెరికాలో చదువు ముగించి, తల్లి జబ్బుపడగా, పరిచర్యకై 1890 లో తిండివనమునకు వచ్చెను.

అచ్చట నొక రాత్రి ఒక బ్రాహ్మణుడును, ఒక ముసల్మానును, ఒక మొదలియారును ఒకరి తరువాత నొకరు వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలను రక్షింపుమని ఈమెను వేడుకొనిరి. తనకు వైద్యము రాదనియు, తన తండ్రిని బంపుదుననియు ఈమె చెప్పెను. పరపురుషుని తమ స్త్రీలకడకు రానిచ్చుటకు వారు సమ్మతింపక మరలిపోయిరి. తెల్లవాఱునప్పటికి ఆ ముగ్గురు తల్లులును మృతినొందిరి. వైద్యుడు సమీపముననే యుండెను. లేనిది వైద్యురాలు మాత్రమే. ఆ దుఃఖమే ఈమె జీవితమార్గమును మార్చెను.

1899 లో కార్నెల్ వైద్య కళాశాలయందు పట్టము పొంది, మఱుసటి యేడు వేలూరు చేరెను. న్యూయార్కు ధనికు డొకడు తన భార్య జ్ఞాపకార్థ మిచ్చిన 10,000 డాలర్లతో 40 పడకల స్త్రీల ఆసుపత్రి 1902 లో వెలసెను. తరువాత పల్లెబాటల ప్రక్కనే చెట్లనీడను రోగులను జూచు ఏర్పాటు చేసెను.

కాని ఒక్కరి చేతులు ఎందఱి కందగలవు? ప్రసవానంతరమున రక్తస్రావ మధికమైనచో రెండు గంటలలోనే ప్రాణము పోవచ్చును. అంతలో బండి కట్టి పట్టణము చేరుట యెట్లు? కాన వైద్య మెఱిగినవారు పల్లెకు దాపుననే యుండవలెను. ఇది గ్రహించి 1909 లో నర్సుల పాఠశాలను, 1918 లో స్త్రీల వైద్య పాఠశాలను స్థాపించెను. ఆడపిల్లలు చేరరని కొందఱు సందేహించిరి. చేర్చుకొనగలిగినవారికంటె దరఖాస్తు చేసినవారే యెక్కువైరి. అద్దె యింటిలో, స్వల్పమైన పరికరములతో చదువు సాగెను. ఐడాగారు స్వయముగా శరీరశాస్త్రము బోధించిరి. మొదటి సంవత్సరపు ప్రభుత్వ పరీక్షయందు పాఠశాల బాలికలందఱును ఉత్తీర్ణులైరి. గ్రంథములలో జదివినదానిని వారు ఆసుపత్రియందును, బాట ప్రక్కనున్న రోగులయందును ప్రత్యక్షముగా నేర్చుకొనిరి.

ఎల్.ఎం.పి. చదువు చాలదనియు, ఎం.బి.బి.ఎస్. బోధింపవలెననియు నిర్ణయము కాగా, పాఠశాల మూతపడు నపాయము గలిగెను. ఐడాగారు డెబ్బది యేండ్లు దాటిన వయస్సున అమెరికాకు బోయి ధనము సమకూర్చిరి. 1942 లో ఎం.బి.బి.ఎస్. తరగతులు ప్రారంభమయ్యెను, 1947 నుండి పురుషులనుగూడ చేర్చుకొనిరి. ఈ సంస్థకు భారతీయులలో మొదటి అధిపతి విశాఖపట్టణమున బుట్టిన డాక్టరు హిల్డా లాజరసుగారని చెప్పుటకు ఆంధ్రులమైన మనము సంతసింపవచ్చును.

1960 మేనెలలో ఐడాగారు కొడైకానలునందు పరమపదించిరి. ఆమె చేతి వైద్యము ఆమెతోనే ముగిసెను. ఆమె నేర్పిన వైద్యము శిష్యపరంపరగా నేటికిని సాగుచున్నది. విద్యార్థులారా, మనము నేర్చిన విద్య మఱియొకరికి నేర్పినప్పుడే అది మన యాయువును మించి నిలుచునని ఈ చరిత్రము మనకు దెలుపుచున్నది.