పండిత రమాబాయి

మహారాష్ట్రలో పుణే నగరానికి తూర్పుగా కేడ్‌గావ్ అనే ఊరు ఉంది. ఆ ఊరి పేరు చెప్పగానే ముక్తి సదనం గుర్తుకు వస్తుంది. దిక్కులేని స్త్రీలకు, అనాథ బాలికలకు నూరేళ్లకు పైగా నీడనిచ్చిన సంస్థ అది. దానిని స్థాపించిన మహనీయురాలు పండిత రమాబాయి. ఆమె గొప్ప సంస్కృత పండితురాలు, రచయిత్రి, సంఘసంస్కర్త. తాను నమ్మిన క్రైస్తవ ధర్మాన్ని మాటలలో కాక నిత్యజీవితంలో ఆచరించి చూపిన సేవాపరాయణురాలు.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమల అడవుల్లోని గంగామూలలో జన్మించింది. ఆ ప్రదేశం నేడు కర్ణాటక రాష్ట్రంలో ఉంది. ఆమె తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే వేదశాస్త్రాలు చదివిన పండితుడు. స్త్రీలు సంస్కృతం చదవరాదని పెద్దలు శాసించే రోజులవి. అయినా ఆయన తన భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పాడు. తోటి పండితులు ఆక్షేపించినప్పుడు స్త్రీలకు చదువు చెప్పడం శాస్త్ర విరుద్ధం కాదని వాదించి నిలిచాడు. కాని ఊరివారి మధ్య ఉండి ఆ పని సాగించడం కష్టమయింది. అందుచేత భార్యతో అడవికి వెళ్లి ఆశ్రమం కట్టుకొన్నాడు.

ఆ ఆశ్రమ జీవితం ఎక్కువ కాలం సాగలేదు. అతిథులను ఆదరించడంలో ఉన్న ఆస్తి కరిగిపోయింది. రమాబాయి నెలల బిడ్డగా ఉండగానే కుటుంబం తీర్థయాత్రలకు బయలుదేరింది. పసిపాపను వెదురు బుట్టలో పడుకోబెట్టి, ఆ బుట్టను సేవకుని తలపై పెట్టి కొండ దించారట. నాటి నుండి వారికి ఇల్లు లేదు. ఆలయాలలో పురాణం చెప్పడం, భక్తులు ఇచ్చిన దానితో జీవించడం, మరొక క్షేత్రానికి నడిచిపోవడం, ఇదే వారి జీవితం. తెల్లవారుజామున తల్లి లేపి పాఠం చెప్పేది. పన్నెండేళ్లు నిండేసరికి రమాబాయికి వేల శ్లోకాలు కంఠస్థమయ్యాయి.

1870 తరువాతి సంవత్సరాలలో దక్షిణదేశంలో కరవు వచ్చింది. పురాణం వినేవారు లేరు, దానమిచ్చేవారు లేరు. నగలు పోయాయి, పాత్రలు పోయాయి. తిండి కోసం తిరుగుతూ ఆ కుటుంబం తిరుపతి ప్రాంతానికి చేరింది. అక్కడి అడవిలో ఆకులలములు తిని రోజులు గడిపారు. 1874లో అనంతశాస్త్రి కన్నుమూశాడు. కొద్ది కాలానికే రాయచూరులో తల్లి మరణించింది. శవాన్ని మోయడానికి నలుగురు దొరకలేదు. ఇద్దరు మాత్రం జాలిపడి ముందుకు వచ్చారు. అన్న శ్రీనివాసశాస్త్రి మూడవవాడు. నాలుగవ మనిషిగా రమాబాయి నిలిచింది. ఆమె పొట్టిది. భుజం మీద పెట్టుకొంటే పాడె ఒరిగిపోతుందని తలపై పెట్టుకొని కన్నతల్లిని శ్మశానానికి మోసుకొనిపోయింది. అప్పటికి ఆమె వయస్సు పదహారేళ్లు. ఆ తరువాత అక్క కృష్ణాబాయి కూడా మరణించింది.

మిగిలిన అన్నాచెల్లెళ్లు కాలినడకన దేశమంతా తిరిగారు. పంజాబు, కాశ్మీరు చూశారు. 1878లో కలకత్తా చేరారు. రమాబాయి సంస్కృత పాండిత్యం చూసి అక్కడి విద్వాంసులు విస్మయం చెందారు. ఆమెకు పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చి గౌరవించారు. 1880లో అన్న మరణించాడు. అదే సంవత్సరం ఆమె బిపిన్ బిహారీ మేధావి అనే వంగదేశపు న్యాయవాదిని కులాంతర వివాహం చేసుకొంది. మరుసటి సంవత్సరం కూతురు మనోరమ పుట్టింది. 1882లో భర్త కలరా సోకి మరణించాడు. ఇరవై మూడేళ్ల వయస్సులో చంటిబిడ్డతో రమాబాయి ఒంటరిదయింది.

ఆ కాలంలో వితంతువుల బ్రతుకు దుర్భరంగా ఉండేది. రమాబాయి దుఃఖంతో కూర్చోలేదు. పుణే వచ్చి 1882లో ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించింది. ప్రభుత్వం నియమించిన హంటర్ విద్యా సంఘం ముందు సాక్ష్యమిచ్చి, బాలికలకు ఉపాధ్యాయినులు కావాలనీ, స్త్రీలకు వైద్యురాళ్లు కావాలనీ కోరింది.

తాను కూడా వైద్యం నేర్వాలని 1883లో కూతురితో ఇంగ్లండు వెళ్లింది. వినికిడి లోపం వల్ల ఆ కోరిక నెరవేరలేదు. కాని అక్కడ ఆమె చూసిన ఒక దృశ్యం జీవితాన్ని మలుపు తిప్పింది. సంఘం వెలివేసిన స్త్రీలను క్రైస్తవ సన్యాసినులు ఒక ఆశ్రమంలో చేర్చుకొని, ప్రేమతో సాకి, మళ్లీ మంచి జీవితానికి మళ్లిస్తున్నారు. తప్పు చేసినదని తరిమివేయకుండా అక్కున చేర్చుకొనే ఈ దయ ఎక్కడి నుండి వచ్చిందని ఆమె ఆలోచించింది. ఆ సన్యాసినులు ఆమెకు బైబిలులోని సమరయ స్త్రీ కథ చెప్పారు. నలుగురూ చిన్నచూపు చూసే ఆ స్త్రీని యేసుక్రీస్తు బావి దగ్గర నీళ్లడిగి, ఆమెతో గౌరవంగా మాట్లాడాడు. ఆ కథ రమాబాయి హృదయాన్ని తాకింది. 1883 సెప్టెంబరు 29న ఆమె, మనోరమ బాప్తిస్మం పొందారు.

మతం మారినా రమాబాయి తన దేశాన్ని, ఆచారాలను విడిచిపెట్టలేదు. చీర కట్టు మానలేదు. శాకాహారమే తిన్నది. సిలువ మీద లాటిన్ అక్షరాలెందుకు, సంస్కృతంలో ఉండరాదా అని వాదించింది. పెద్దలు చెప్పినంత మాత్రాన మనస్సుకు సరిపడని సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. అట్లని తనకు ఉపకారం చేసినవారిని ద్వేషించలేదు. అభిప్రాయభేదం వేరు, స్నేహం వేరు అని ఆమె నడవడి తెలిపింది.

1886లో ఆమె అమెరికా వెళ్లింది. మన దేశపు తొలి వైద్యురాళ్లలో ఒకరైన ఆనందీబాయి జోషి పట్టభద్రోత్సవాన్ని కన్నులారా చూసింది. అక్కడ ఉండగానే హిందూ స్త్రీల స్థితిని గురించి ఆంగ్లంలో ఒక గ్రంథం రాసింది. అమెరికా మిత్రులు ఇచ్చిన విరాళాలతో 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనం ప్రారంభించింది. అది వితంతువులకు చదువు చెప్పే వసతిగృహం. మహర్షి కార్వేను తరువాత వివాహమాడిన గోదూబాయి అక్కడి తొలి విద్యార్థినులలో ఒకతె. మరుసటి సంవత్సరం సదనం పుణేకు మారింది.

అక్కడ ఆమెకు పెద్ద పరీక్ష ఎదురయింది. సదనంలో మతబోధ చేయరాదన్నది నియమం. ఎవరి ఆచారం వారు పాటించవచ్చు. రమాబాయి తన గదిలో కూతురితో ప్రార్థన చేసుకొనేటప్పుడు తలుపు మూసేది కాదు. కొందరు బాలికలు వచ్చి కూర్చునేవారు. పిల్లల మతం మారుతుందేమోనని తల్లిదండ్రులు కలత చెందారు. వారి భయం వారిది. దాచి ప్రార్థించడం అసత్యమవుతుందన్నది ఆమె పట్టుదల. 1893లో రానడే, భండార్కర్ వంటి పెద్దలు సలహా సంఘం నుండి తప్పుకొన్నారు. చాలామంది పిల్లలను ఇళ్లకు తీసుకొనిపోయారు. ఎంతో శ్రమపడి నిలిపిన సదనం సగం ఖాళీ అయింది. ఆమె తలుపు మూయలేదు, పనీ మానలేదు. మిగిలిన పిల్లలకు పాఠం చెబుతూ ముందుకు సాగింది.

1896లో మధ్యపరగణాలలో భయంకరమైన కరవు వచ్చింది. ఆ వార్త వినగానే తిరుపతి అడవిలో తాము పడిన ఆకలి రమాబాయికి గుర్తుకు వచ్చింది. వెంటనే బయలుదేరి కరవు శిబిరాలకు వెళ్లింది. అనాథ బాలికలు ఎముకల గూళ్లయి, ఒళ్లంతా పుండ్లతో పడి ఉన్నారు. కొందరు దుర్మార్గుల చేతుల్లో పడుతున్నారు. ఇంతమందిని పోషించడానికి చేతిలో డబ్బు లేదు. అయినా వందలమందిని వెంట తెచ్చింది. అప్పుడు పుణేలో ప్లేగు వ్యాపించి ఉంది. పట్టణంలో అంతమందిని ఉంచడానికి అధికారులు ఒప్పుకోలేదు. కేడ్‌గావ్‌లో తాను కొన్న పొలానికి వారిని తీసుకొనిపోయి, గుడారాలలో, పాకలలో ఉంచింది. ముక్తి సదనం ఆ విధంగా మొదలయింది. ప్లేగు ఆసుపత్రిలో స్త్రీలకు జరుగుతున్న అన్యాయాన్ని పత్రికకు రాసి, ఆంగ్ల ప్రభుత్వాన్ని నిలదీయడానికి కూడా ఆమె వెనుకాడలేదు.

1900లో గుజరాతులో కరవు వచ్చినప్పుడు మరి వేయిమందికి పైగా బాలికలు వచ్చి చేరారు. సదనంలోని వారి సంఖ్య రెండు వేలకు చేరువయింది. వచ్చిన పిల్లలకు శుభ్రత తెలియదు. భయం వల్ల ఎవరినీ నమ్మేవారు కారు. వారిని దారికి తేవడానికి ఎంతో ఓర్పు కావలసి వచ్చింది. శారదా సదనంలో చదివిన పెద్ద పిల్లలే వారికి తల్లులై, ఉపాధ్యాయినులై ఆదుకొన్నారు. ఒకనాడు సాయం పొందినవారు మరునాడు సాయం చేయాలన్నదే అక్కడి పద్ధతి. కులం అడగకుండా అందరూ కలిసి తినేవారు. నేత, కుట్టుపని, వ్యవసాయం, పాడి, నూనె తీయడం, అచ్చుపని నేర్చుకొనేవారు. అంధ బాలికలకు మనోరమ బ్రెయిలీ లిపి నేర్పింది. పతితలని సంఘం తోసివేసిన స్త్రీలకు కృపాసదనం అనే వేరొక ఆశ్రయం ఏర్పడింది.

వయస్సు మళ్లుతున్నా రమాబాయి చదువు మానలేదు. పల్లెటూరి స్త్రీలకు అర్థమయ్యే మరాఠీలో బైబిలు ఉండాలని తలచింది. అందుకోసం హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి, మూలం నుండి తానే అనువదించింది. సదనంలోని స్త్రీలే దాని అక్షరాలు కూర్చి అచ్చువేశారు. ప్రభుత్వం 1919లో ఆమెకు కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది.

1921లో మనోరమ మరణించింది. తల్లి తరువాత సదనం భారం వహిస్తుందనుకొన్న ఒక్కగానొక్క కూతురు ఆమె. అంతటి శోకంలోనూ రమాబాయి బైబిలు అనువాదం పని వదలలేదు. ఆ పని ముగిసిన కొద్ది కాలానికి, 1922 ఏప్రిల్ 5న ఆమె కన్నుమూసింది. భారత ప్రభుత్వం 1989లో ఆమె స్మారకంగా తపాలా బిళ్లను విడుదల చేసింది.

తల్లి పాడెను మోయడానికి మనుషులు దొరకని బాలిక, వేలమంది అనాథలకు తల్లి అయింది. ఆకలి తెలిసినది కనుక అన్నం పెట్టింది. ఒంటరితనం తెలిసినది కనుక తోడు నిలిచింది. నమ్మిన ధర్మం వంటింట్లో, పొలంలో, బడిలో, విరోధించినవారితో వ్యవహరించేటప్పుడు కనిపించాలని రమాబాయి జీవితం మనకు తెలుపుతుంది.